పిల్లలకు వస పోయవచ్చా? మాటలు రాని బాబుకు వస పొడి పనిచేస్తుందా?

మీరు అడిగినవి మూడు. ఐదు నెలల పాపకు వస పోయమని అత్తగారు పట్టుబడుతున్నారు, పోయవచ్చా అన్నది మొదటిది. పెద్దబాబుకు రెండున్నరేళ్లు వచ్చినా 'అమ్మ', 'తాత', 'బువ్వ' తప్ప మాటలు లేవు. వస పొడి పావు చెంచా తేనెలో కలిపి నలభై రోజులు నాకిస్తే మాటలు వస్తాయని ఒక వీడియోలో చూశారు. అది నిజమా అన్నది రెండోది. మీరు టీచరు, సాయంత్రానికల్లా గొంతు బొంగురుపోతోంది, కడుపుబ్బరం కూడా ఉంది, మీరు వాడుకోవచ్చా అన్నది మూడోది.

ముందు జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. పాపకు వస పోయకండి. బాబుకు ఆ పావు చెంచా పొడి ఒక్క రోజు కూడా ఇవ్వకండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. మీరు ఇంకా పాలిస్తున్నారు కాబట్టి ప్రస్తుతానికి మీకూ వద్దు.

మూడిటికీ వద్దన్నాడు, ఈయనెవరో ఆయుర్వేదమంటే గిట్టని మనిషి అనుకోకండమ్మా. నేను ఆయుర్వేద వైద్యుణ్ణే. ఇరవై ఏడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. వస నాకు బాగా ఇష్టమైన మూలికల్లో ఒకటి. మా ఇంటి వెనక పంపు దగ్గర, నీళ్లు ఎప్పుడూ నిలిచే చోట ఒక సిమెంటు తొట్టిలో పెంచుతున్నాను కూడా. దాని విలువ తెలుసు కాబట్టే, దాన్ని చెంచాలతో కొలిచి పిల్లల నోట్లో పోయమని ఎవరైనా చెబుతుంటే నాకు బాధేస్తుంది.

చాలామంది వస కొమ్మును చూసి ఉంటారు గానీ మొక్కను చూసి ఉండరు. దూరం నుంచి చూస్తే జమ్ము అనుకుంటారు. కత్తుల్లాంటి ఆకులు నిటారుగా పెరుగుతాయి. దగ్గరికి వెళ్లి ఆకును వేళ్ల మధ్య తిప్పి చూస్తే నడి ఈనె సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఒక అంచు సన్నగా ముడతలు పడి ఉంటుంది. ఆకు తుంచి నలిపారంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కమలాపండు తొక్కను గోటితో గిచ్చినప్పుడు వచ్చే వాసనకు కాస్త కర్పూరం తోడైనట్టు ఉంటుంది. మనం వేరు అంటాం గానీ నిజానికి అది వేరు కాదు, అల్లం లాగా, పసుపు లాగా మట్టిలో అడ్డంగా పాకే కాండం. అందుకే కొమ్ము అన్న మాట దానికి సరిపోయింది. బురద నేలలు, చెరువు గట్లు, వాగుల పక్కన తేమ దానికి కావాలి. హిమాలయాల పాదాల్లోనూ, మణిపూర్ వైపు చిత్తడి నేలల్లోనూ సహజంగా పెరుగుతుంది. కర్ణాటకలో తుమకూరు జిల్లా కొరటగెరె ప్రాంతంలో రైతులు మళ్లు కట్టి, నీళ్లు నిలబెట్టి, పంటగా పండిస్తారు. అక్కడ దీన్ని బజె అంటారు. తమిళులు వసంబు అంటారు, మలయాళంలో వయంబు.

సంస్కృతంలో వచ. మాట్లాడడం అన్న అర్థం ఉన్న ధాతువు నుంచి వచ్చిన పేరు, అంటే మాటను ఇచ్చేది అని. ఉగ్రగంధ అన్నది ఇంకో పేరు, ఘాటైన వాసన కలది. షడ్గ్రంథ అంటే ఆరు కణుపులది. మన తెలుగులో వచ వసగా మారింది. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం, 'చిన్నప్పుడు ఎంత వస పోశారే నీకు' అంటాం. మీ అత్తగారి నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా. ఆవిడ గాల్లోంచి చెప్పడం లేదు.

ఆయుర్వేదం దీని గుణాలు ఎలా చెబుతుందో కాస్త చూద్దాం. రుచి కారం, చేదు. గుణం లఘువు, తీక్ష్ణం. వీర్యం, అంటే మందు ఒంట్లో చూపే శక్తి, ఉష్ణం. అరిగిన తర్వాత మిగిలే విపాకం మళ్లీ కారమే. కఫాన్నీ వాతాన్నీ తగ్గిస్తుంది, పిత్తాన్ని పెంచుతుంది. ఈ నాలుగు మాటల్లో నేను మీకు అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుపెట్టుకోమనేది తీక్ష్ణం అన్న మాట. తీక్ష్ణం అంటే చొచ్చుకుపోయేది, తక్కువ మోతాదులోనే గట్టిగా పనిచేసేది. అడ్డుపడిన కఫాన్ని చీల్చుకుంటూ వెళ్తుందని మా గురువుగారు చెప్పేవారు. అదే గుణం మోతాదు దాటితే కడుపును తిప్పేస్తుంది. ఇది మనం మోతాదు మించడం వల్ల వచ్చే అవలక్షణం మాత్రమే కాదు. వాంతి చేయించడానికి మా వైద్యంలో వాడే మందుల్లో వస కూడా ఉంది.

చరకుడు మందులను పది పదిగా వర్గాలు చేశాడు. వాటిలో వస ఆరు చోట్ల కనిపిస్తుంది. కొవ్వునూ కఫాన్నీ గీకి తీసే లేఖన వర్గంలో ఉంది, మూలవ్యాధి మందుల్లో ఉంది, చలిని తగ్గించేవాటిలో ఉంది. స్పృహ తప్పిన మనిషికి స్పృహ తెప్పించే సంజ్ఞాస్థాపన వర్గంలోనూ ఉంది. సుశ్రుతుడు ఏకంగా వచాది గణం అని దీని పేరు మీదనే ఒక గుంపు పెట్టాడు. వస, తుంగముస్తలు, అతివస, కరక్కాయ, దేవదారు, నాగకేసరాలు అందులో ఉంటాయి. ఆ గణం దేనికని చెప్పాడో చూడండి. జిగటతో, అరగక అయ్యే విరేచనాలకు, ఇంకా తల్లి పాలలోని దోషాన్ని శుద్ధి చేయడానికి. తల్లి పాలకు! అంటే పాలు తాగే బిడ్డ బాగు కోసం మందు తల్లి పుచ్చుకోవాలన్న ఆలోచన అప్పటికే ఉంది. పాలు తాగే బిడ్డకు మృదువైన మందులే, అవి కూడా పాలు, నెయ్యితో కలిపి ఇవ్వాలని, పాలిచ్చే ఆవిడకు కూడా ఇవ్వాలని సుశ్రుతుడు విడిగా చెప్పాడు. వస మృదువైన మందు కాదు.

ఇక్కడ నేను ఒక మాట దాచకుండా చెప్పాలి. పసిబిడ్డలకు నాకించే లేహ్యాల్లో వస ఉన్న యోగం కూడా శాస్త్రంలో ఉంది. బంగారం, చెంగల్వ కోష్టు, వస, తేనె, నెయ్యి కలిపినది. కాబట్టి శాస్త్రం బిడ్డలకు వస ఇవ్వనే వద్దందని నేను అనను. ఆ యోగం ఇచ్చిన వైద్యుడు బిడ్డను చూసి, కొలిచి, శుద్ధి చేసిన మందు ఇచ్చాడు. ప్యాకెట్టు చింపి చిటికెడు తీసుకోమని ఆయన అనలేదు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో కంటే ఒక రాత్రి బాగా తెలిసొచ్చింది. ప్రాక్టీసు పెట్టిన ఐదారేళ్లకు అనుకుంటాను, రాత్రి తొమ్మిదింటికి ఏడు నెలల బిడ్డను తీసుకొచ్చారు. సాయంత్రం నుంచి వాంతులు. ఒళ్లు వాలిపోయింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు, నోరు పొడిబారింది. నేను మందు ఇవ్వడానికి కూర్చోలేదు. వెంటనే నా స్కూటరు మీద ముందు వెళ్తూ దారి చూపించి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాను. సెలైన్ పెట్టారు, తెల్లవారేసరికి బిడ్డ కళ్లు తెరిచి పాలు తాగింది. అప్పుడు అడిగాను, ఏం పెట్టారమ్మా అని. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. 'మా నలుగురికీ నా చేత్తోనే పోశానయ్యా వస, ఒక్కరికీ ఏమీ కాలేదు' అంది. ఆవిడ చెప్పింది నిజమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, తన పిల్లలకు ఆవిడ కొమ్మును ఆముదం దీపం మీద పైనంతా నల్లబడేదాకా కాల్చి, సాన మీద తల్లిపాల చుక్కతో ఒక్క చుట్టు తిప్పి, ఆ తడిని వేలి చివర అద్ది నాలుకకు రాసింది. మనవడికి మాత్రం కొడుకు తెచ్చిన పొడి ప్యాకెట్టులోంచి చిటికెడు తీసి తేనెలో రంగరించి పెట్టింది. పద్ధతి అదే అనుకుంది పాపం. మందు పేరు ఒకటే, మోతాదు మాత్రం ఎన్ని రెట్లో.

ఆ తర్వాత నా మందుల త్రాసు మీద ఒకసారి చూశాను. అది పది మిల్లీగ్రాముల తేడా చూపిస్తుంది. కాల్చిన కొమ్మును తూచి, సాన మీద ఒక్క చుట్టు తిప్పి, బాగా ఆరనిచ్చి మళ్లీ తూచాను. అంకె మారలేదు. అంత తక్కువ అన్నమాట మన అమ్మమ్మలు పోసిన వస. దానికి తోడు ఘాటంతా తైలంలోనే ఉంటుంది, ఆ తైలం వేడికి ఎగిరిపోయే రకం. కొమ్మును మాడ్చినప్పుడు పైభాగంలో ఉన్న తైలం కొంత పొగలోనే పోతుంది. వాళ్లకు మిల్లీగ్రాములు తెలియవు, తైలం సంగతి తెలియదు. ఎంత జాగ్రత్తగా ఉండాలో మాత్రం తెలుసు.

ఇప్పుడు మీరు చూసిన వీడియో లెక్క కడదాం. మన ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథం ప్రకారం పెద్దవాళ్లకు వస పొడి మోతాదు 60 నుంచి 120 మిల్లీగ్రాములు. వాంతి చేయించడానికైతే 1 నుంచి 2 గ్రాములు. ఇది కూడా పెద్దవాళ్లకే. పావు చెంచా పొడి అంటే దాదాపు అర గ్రాము, 500 మిల్లీగ్రాములు. అంటే రెండున్నరేళ్ల బాబుకు పెద్దమనిషి మోతాదుకు నాలుగు నుంచి ఎనిమిది రెట్లు ఇవ్వమంటున్నారు, అదీ నలభై రోజులు. ఆ వీడియో చేసినాయన చెడ్డ ఉద్దేశంతో చెప్పి ఉండకపోవచ్చు. కానీ వాంతి మందు మోతాదుకు సగం దగ్గర్లో ఉన్నదాన్ని పసివాడికి రోజూ పెట్టమన్నాడు.

ఇంకొక విషయం. వస తైలంలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది అన్ని వసల్లోనూ ఒకేలా ఉండదు. ఉత్తర అమెరికాలో పెరిగే రకంలో అసలు ఉండదు. ఐరోపా రకంలో తక్కువ. మన దేశంలో దొరికేవాటిలో కొన్నిటి తైలంలో దాని వాటా 70 శాతం కూడా దాటుతుంది. 1960లలో జమ్మూ రకం వస తైలాన్ని ఎలుకలకు దీర్ఘకాలం ఆహారంలో కలిపి పెట్టి చూస్తే వాటి చిన్నపేగుల్లో కణుతులు వచ్చాయి. 1968లో అమెరికా వసనూ దాని తైలాన్నీ ఆహార పదార్థాల్లో కలపకుండా నిషేధించింది. ఐరోపాలో మద్యం తయారీలో కిలోకు 1 మిల్లీగ్రాము మించి బీటా అసరోన్ ఉండకూడదని పరిమితి పెట్టారు.

దీన్ని చూసి కొందరు 'అది ఎలుకలకండీ, మనం వేల ఏళ్లుగా వాడుతున్నాం' అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు వస అంటేనే విషం అంటారు. నేను రెండు వైపులా లేను. ఎలుకలకు పెట్టింది చిక్కని తైలం, చాలాకాలం. మనం కొద్ది రోజులు వాడే వంద మిల్లీగ్రాముల శుద్ధి చేసిన పొడికీ దానికీ పోలిక కుదరదు. అలాగని పెరుగుతున్న పసిబిడ్డ కాలేయానికి ఇంతవరకు పరవాలేదు అని గీత గీసి చెప్పగల మనిషి ఎవరూ లేరు. అలాంటప్పుడు బిడ్డ విషయంలో దూరంగా ఉండడమే వైద్యుడి పని.

మా పద్ధతిలో లోపలికి ఇచ్చే వసను శోధన, అంటే శుద్ధి, చేసి వాడాలి. ఆ శోధన ఎంత పెద్ద పనో ఒకసారి వినండి. కొమ్ములను ముందు గోమూత్రంలో ఉడకబెట్టాలి. తర్వాత బోడతరం కషాయంలో ఉడకబెట్టాలి. ఆ తర్వాత మామిడి, నేరేడు, వెలగ, మాదీఫలం, మారేడు అనే ఐదింటి ఆకులు వేసి కాచిన కషాయంలో ఉడకబెట్టాలి. ఒక్కోదానిలో మూడేసి గంటలు. చివరికి సుగంధ ద్రవ్యాల నీటి ఆవిరి మీద పెట్టి ఎండబెట్టాలి. నేను చదువుకునే రోజుల్లో ఫార్మసీ ల్యాబ్‌లో ఇది చేశాను. పొద్దున మొదలుపెడితే చీకటి పడింది. మొదటి కుండలోంచి తీసినప్పుడు ఉన్న ఘాటు చివర్లో లేదు. అన్ని గంటలు ఆవిరిలో, మరుగులో ఉన్నాక తైలం ఎంతో కొంత పోక ఏమవుతుంది. బజారులో దొరికే పొడి ప్యాకెట్టు మీద శుద్ధి చేసినట్టు రాసి లేకపోతే అది పచ్చి వస పొడి అనే అనుకోండి.

మీ పాప సంగతికి వస్తాను. ఐదు నెలల బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ అక్కర్లేదు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక తేనె సంగతి. ఏడాది లోపు పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకండి, వసతో గానీ, వస లేకుండా గానీ. తేనెలో ఒక్కోసారి ఉండే బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడే బొట్యులిజం అనే జబ్బు తెస్తాయి. పెద్దవాళ్లకు వాటివల్ల ఇబ్బంది ఉండదు. ఈ సంగతి మన పెద్దవాళ్ల కాలంలో తెలియదు, తెలిసి ఉంటే వాళ్లే ముందు మానేసేవారు.

మీ అత్తగారితో గొడవ పడకండి. 'మీరు పోసింది కాల్చిన కొమ్ముతో ఒక్క చుట్టు అత్తయ్యా, ఇప్పుడు దొరికేది పచ్చి పొడి, డాక్టరుగారు వద్దన్నారు' అని నా మీద పెట్టేయండి. వస పోయడంలో ఆవిడకు కావలసింది మనవరాలికి చక్కగా మాటలు రావడం. దానికి ఆవిడే మందు. పాపను ఒళ్లో పెట్టుకుని, మొహంలో మొహం పెట్టి, రోజంతా ఊసులు చెప్పమనండి. పాప 'ఊ' అంటే ఆవిడ కూడా 'ఊ' అనాలి. ఫోను చూపించడం మాత్రం వద్దు. వస ముక్కలను దారానికి గుచ్చి చేతికి కట్టే కడియాలు కూడా ఈ మధ్య ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పళ్లు వచ్చే వయసు పిల్లలు చేతికి ఏది ఉంటే అది నములుతారు. రోజంతా వస చప్పరించినట్టవుతుంది, ముక్క ఊడితే గొంతుకు అడ్డం పడుతుంది. కట్టకండి. కడుపు నొప్పికి కాల్చిన వస మసిని ఆముదంలో కలిపి బొడ్డు చుట్టూ రాస్తామంటే, బొడ్డు బాగా మానిపోయి, చర్మం ఎర్రబడకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు, తర్వాత పాప చేతులు అక్కడ పెట్టి నోట్లో పెట్టుకోకుండా తుడిచేయండి. ధూపం వద్దు, పొగ ఏదైనా పసి ఊపిరితిత్తులకు పొగే.

బాబు సంగతి నాకు పాప కంటే ఎక్కువ ఆలోచనగా ఉంది. రెండేళ్లు నిండేసరికి పిల్లలు మామూలుగా రెండేసి మాటలు కలుపుతారు, 'అమ్మ రా', 'బువ్వ వద్దు' అన్నట్టు. రెండున్నరేళ్లకు మూడు మాటలు అంటే ఆలస్యమే. 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అని ఇంట్లో అనే ఉంటారు. నిజంగా అదే అయితే అదృష్టం, కానీ అది తేల్చాల్సింది పరీక్ష చేసి. మాటలు రాకపోవడానికి మొదట చూడాల్సింది చెవి. వినబడని మాట నోటికి ఎలా వస్తుంది? మీరు పిలిస్తే తిరుగుతున్నాడు కాబట్టి వినబడుతోంది అనుకోకండి. ఒక స్థాయి శబ్దాలు వినబడి, కొన్ని అక్షరాలు వినబడని పిల్లలు ఉంటారు. చెవిలో నీరు చేరి వినికిడి మందగించిన పిల్లలూ ఉంటారు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఓఏఈ, బెరా అనే పరీక్షలు ఉంటాయి. బిడ్డ సహకరించకపోయినా, నిద్రలో ఉండగా కూడా చేస్తారు. నొప్పి ఉండదు.

వినికిడి బాగుంటే తర్వాత పిల్లల డాక్టరు ఎదుగుదల చూస్తారు. పేరు పిలిస్తే కళ్లలోకి చూస్తాడా, ఏదైనా కావాలంటే వేలితో చూపిస్తాడా లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా, తోటి పిల్లలతో ఆడతాడా అని అడుగుతారు. ఇవన్నీ ముందే గమనించి పెట్టుకోండి. స్పీచ్ థెరపీ ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత ఫలితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పెట్టిన సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు. వినికిడి, మాట సమస్యలకు సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నలభై రోజులు వస పెట్టి చూద్దాం, ఆ తర్వాత ఇంకో నలభై రోజులు చూద్దాం అనుకుంటూ పోతే బాబుకు మూడేళ్లు దాటతాయి. నా దగ్గరికి అలా ఆలస్యంగా వచ్చిన పిల్లలను చూశాను. అందులో ఒక పాపకు రెండు చెవులూ వినబడవని నాలుగేళ్లకు తెలిసింది. వాళ్లు ఆ మధ్యలో వస, సారస్వత చూర్ణం, సరస్వతి లేహ్యం అన్నీ వాడారు. ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

సారస్వత చూర్ణం పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. జ్ఞాపకశక్తి కోసం పిల్లలకు కొని పెడుతుంటారు. అశ్వగంధ, శంఖపుష్పి, జీలకర్ర, సైంధవ లవణం లాంటివి అందులో ఉంటాయి. అయితే మిగతా అన్నిటి బరువు ఎంతో అంత బరువు వస ఒక్కటే ఉంటుంది. మొత్తాన్ని బ్రాహ్మి రసంలో భావన చేస్తారు, అంటే ఆ రసంలో నానబెట్టి నూరి ఆరబెడతారు. అంటే చెంచా చూర్ణంలో సగం వసే. మంచి మందు, నేను పెద్దవాళ్లకు వాడతాను. కానీ పరీక్షల సీజన్‌లో టానిక్కులా తాగించేది కాదు. బ్రాహ్మీ ఘృతం కూడా వసతోనే చేస్తారు, నెయ్యి వల్ల ఆ తీక్ష్ణత కాస్త నెమ్మదిస్తుంది. మాట తడబడే పెద్దవాళ్లకు, పక్షవాతం తర్వాత నాలుక బరువెక్కిన వాళ్లకు, మూర్ఛ రోగులకు వేసే మందులకు తోడుగా మేం వసను ఆలోచిస్తాం. తోడుగా అన్నాను, గమనించండి. మూర్ఛకు వాడే ఇంగ్లీషు మందులు ఆపి వస తినమని చెప్పేవాళ్లను నమ్మకండి. నిద్రమాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరుకు చెప్పకుండా వస జోలికి పోకూడదు, మత్తు పెరగవచ్చు.

ఇక మీ గొంతు. బొంగురు గొంతుకు చిన్న వస పలుకు బుగ్గన పెట్టుకోవడం పాటలు పాడేవాళ్లలో పాత అలవాటు. లాలాజలం ఊరుతుంది, కఫం కరుగుతుంది, గొంతు తేలికపడుతుంది. నాకూ అనుభవమే. కానీ మీరు పాలిస్తున్నారు, ఇప్పుడు వద్దు. గోరువెచ్చటి నీళ్లు దగ్గర పెట్టుకుని క్లాసులో గుటక గుటకగా తాగండి, చివరి బెంచీకి వినబడాలని అరవకండి, వీలుంటే మైకు అడగండి. అతిమధురం చిన్న ముక్క చప్పరించడం వసకంటే మెత్తని ఉపాయం, బీపీ లేకపోతే రెండు మూడు రోజులు చేయవచ్చు. మూడు వారాలు దాటినా గొంతు మామూలు కాకపోతే ఈఎన్‌టీ డాక్టరు స్వరతంత్రులను చూడాలి. టీచర్లకు అక్కడ చిన్న బొడిపెలు రావడం మామూలే.

కడుపుబ్బరానికి మా దగ్గర హింగువచాది చూర్ణం ఉంది, పేరులోనే ఇంగువ, వస ఉన్నాయి. వాతం పైకి ఎగదన్ని, పొట్ట డప్పులా అయ్యే మనిషికి అన్నానికి ముందు గోరువెచ్చటి నీళ్లతో ఇస్తే గంటలో తేలిక తెలుస్తుంది. పాలు మాన్పించాక, దగ్గరలో ఉన్న ఆయుర్వేద వైద్యుడికి నాడి చూపించి వాడుకోండి. ఛాతీలో మంట, అల్సర్, ముక్కులోంచి రక్తం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం ఉన్నవాళ్లకు పడదు. గర్భిణులకు అసలే వద్దు. వాడినా వరుసగా వారం పది రోజులు మించి నేను ఇవ్వను.

పేర్ల విషయంలో కూడా జాగ్రత్త. వస వేరు, వాస వేరు. వాస అంటే అడ్డసరం, దగ్గుకు వాడే వాసావలేహం, వాసారిష్టం దానితో చేసినవి. ఒక దీర్ఘం తేడాతో మందే మారిపోతుంది. అతివస అని ఇంకొకటి ఉంది, పేరులో వస ఉన్నా అది పూర్తిగా వేరే మొక్క. భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో వచ అన్న పేరుతో నాలుగు రకాలు కనిపిస్తాయి. అందులో మహాభరీ వచ అంటే దుంపరాష్ట్రం, ద్వీపాంతర వచ అంటే పరంగి చెక్క. అందుకే కొనేటప్పుడు పొడి వద్దు, కొమ్మే అడగండి. మంచి కొమ్ము మీద ఉంగరాల్లా గుర్తులు దగ్గర దగ్గరగా ఉంటాయి, కింది వైపు వేళ్లు ఊడిన చుక్కలు వంకర వరసల్లో కనిపిస్తాయి. విరిస్తే లోపల లేత రంగులో, కాస్త బెండులా ఉంటుంది. దుంపరాష్ట్రం అలా ఉండదు, ఎర్రగా, గట్టిగా, నార నారగా ఉంటుంది. పాత కొమ్ములో వాసన ఉండదు, లోపల పురుగు తిన్న గుల్ల ఉంటుంది.

మీ ఇంట్లో ఇప్పటికే కొన్న కొమ్ములు ఉన్నాయన్నారు. పారేయకండి. బాబు చేతికి అందని చోట, గుడ్డలో మూటకట్టి, బియ్యం డబ్బాలో కాకుండా విత్తనాల కోసం దాచుకునే కందులు, పెసల డబ్బాలో పెట్టండి. పురుగు పట్టదు. అదే బీటా అసరోన్ పురుగుల సంతానం పెరగనివ్వదు, అందుకే ధాన్యం నిల్వకు వసను వాడే అలవాటు ఉంది. బెరా పరీక్ష రిపోర్టు వచ్చాక ఏముందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.